గాలి లేని గ్రహం

బల్లార్షా గని పక్కన మట్టి దిబ్బే
ఆమెకు గ్రహం.
నవల నాలుగొందల పేజీలట,
అందులోంచి మృణ్మయి మేడం తీసుకున్నది
ఒక్క పేజీ, అదీ సగం.

డంపర్ నడిపే మా పోచమల్లుకు
వెండిరంగు రెయిన్‌కోటు తొడిగి
"నడువ్" అన్నది. నడిచిండు
మూడు సాయంత్రాలు, ఎటో తెలియకుండ.

యూనియన్ ఆఫీసుల దుప్పటి కట్టి చూపించిన్రు.
మాటల్లేవు. కథ దొరకలే.
తొమ్మిది నిమిషాలు దిబ్బ మీద పొద్దు గుంకుతనే ఉంది,
అంచున చీమంత మనిషి.
తెర నల్లబడితే
కరెంటు పోయిందన్నరు పిల్లలు.

అప్పుడు దగ్గు.
వాడిదే. తెల్లారగట్ల గోడవతల నుంచి
రోజూ నన్ను లేపేదే.

"గాలి లేని గ్రహమన్నరు గద మేడం,
మరి దగ్గెట్ల వినబడ్డది?"
పోచమల్లే అడిగిండు, నవ్వుకుంట.

ఆమె చాలాసేపు
ప్రొజెక్టర్ వైరు చుడుతనే ఉంది.