ఖాళీ బరువు

మిర్యాలగూడ బైపాసు మీద
రైసుమిల్లు వేబ్రిడ్జి గదిల నాకు రేత్రి డ్యూటీ.
ఒక్క కంప్యూటరుకు రెండు పనులు:
లారీ ఎక్కితే తూకం,
లారీ లేకుంటే యుద్ధం.

ఆరేండ్ల సంది కొట్లాడుతున్న.
ఇంకో సూర్యుని కింద, రెండు చందమామలున్న నేల మీద
మూడు సైన్యాలు. మాది బూడిద రంగు.
తుపాకి ముక్కు తప్ప నా ఒళ్లు నాకు కనవడదు.
మొదటిసారి చచ్చినప్పుడు కుర్చీలకెల్లి లేసి నిలవడ్డ,
కిటికీలకెల్లి ఉడికిన వడ్ల ఆవిరి వాసనొస్తుంటే,
పది సెకండ్లకు మళ్ల పుట్టిన.
ఇయ్యాల గెలిచిన కోట రేపు టిఫిన్ యాళ్లకు చెయ్యి జారుతది.
మళ్ల గెలుస్తం. మళ్ల పోతది.
"గట్టు తెగిన మడి లెక్కున్నది గదరా మీ యుద్ధం,
ఎంత పారిచ్చినా నిండదు" అంటడు మా సేటు.

అక్కడొక జంక్షనున్నది,
యాడికి పోవాలన్నా దాన్ల దిగే పోవాలె.
ప్రపంచమంతా దాన్ని నోరు తిరగని పేరుతోటి పిలుస్తది.
మేం నార్కట్‌పల్లి అంటం.

మేమంటే,
హాలియాల పంపుసెట్లు బాగుచేసే జానిమియా
(యుద్ధట్యాంకు నడుపుతుంటే గేరు చప్పుడు నోటితోటి చేస్తడు),
దేవరకొండ అవతల తండాల రమావత్ సక్రు
(నెట్టు కోసం నీళ్ల ట్యాంకు మీద కూసోని ఆడుతడు),
కోదాడ నర్సింగు హాస్టల్ల దుప్పటి కప్పుకొని
గుసగుస మాట్లాడే సంపూర్ణ.
ఎవల మొఖం ఎవలం చూడలే.

సంపూర్ణ మా వైద్యురాలు.
పడిపోయినోని పక్కన మోకాళ్ల మీద కూసుంటది,
ఆకుపచ్చ వెలుగొకటి, గంతే, లేస్తం.
"వార్డుల గూడ గిట్లుంటే" అని ఒక్కసారే అన్నది.
ఆ రేత్రి మేమెవలం గుండు పేల్చలే.

నిన్న రేత్రి పన్నెండున్నరకు ఆట బందు.
లాభం లేదట, గ్రహాన్ని మూస్తున్నరట.

చివరి గంట జనమంతా నార్కట్‌పల్లికే వచ్చిన్రు.
మూడు రంగులు కలిసి నిలవడ్డయి, జాతరల లెక్క.
పసుపు సైన్యంల ఒకడున్నడు, ఏ దేశపోడో,
నన్ను నూట పన్నెండు సార్లు చంపిండు,
నేను వాణ్ని తొంభై.
నా ఎదురుంగ వచ్చి
కూసున్నడు, లేసిండు, కూసున్నడు, లేసిండు.
బళ్లె అయితే గవి గుంజిళ్లు.
అక్కడ దండం.
నేను గూడ తీసిన, లెక్కవెట్టకుంట.

పన్నెండూ ఇరవైకి హారను.
నేరేడుచర్ల వడ్లు. డ్రైవరు కండ్లు ఎర్రగున్నయి.
"జల్ది తియ్యి తమ్మి, ఇంకో ట్రిప్పున్నది."
గ్రహాన్ని చిన్నగ చేసి మూలకు నూకిన.
ముప్పై రెండు వేల నాలుగు వందల అరవై.
తేమ పదిహేడు. ప్రింటర్ల కాయిదం ఇరుక్కున్నది,
గుంజిన, చింపిన, మళ్ల వెట్టిన.
బల్ల మీద హెడ్‌సెట్టులకెల్లి
సక్రు గొంతు చీమంత సన్నగ
నా ఆట పేరు కాదు, అసలు పేరు పట్టి పిలుస్తున్నది:
"ముత్తిలింగమన్నా, సూడు సూడు, మీదికి సూడు"

లారీ దిగేసరికి తెర మీద తెల్ల డబ్బా.
సర్వర్ దొరకలేదు. మళ్లీ ప్రయత్నించండి.
ప్రయత్నించిన.
మళ్ల.
ఏం చూడమన్నడో తెల్వది,
ఆ ఆకాశంలనా, తండా మీది ఆకాశంలనా.

రెండింటికి వడ్లు దింపుకొని అదే లారీ వచ్చింది.
ఖాళీ బరువు పదకొండు వేల రెండు వందలు.
నిండుల నుంచి ఖాళీ తీసేస్తే మిగిలేది సరుకు,
నా కొలువంతా గీ ఒక్క తీసివేతే.
చిట్టీ ఇచ్చిన. లారీ పోయింది.

ఇగ సున్నా రావాలె.
ఇరవై చూపిస్తున్నది.
టార్చి పట్టుకొని పోయిన. ఇనుప పలక నడుమ
మిల్లు కుక్క ముడుచుకొని పండుకున్నది,
పొగగొట్టం నుంచి రాలిన ఊక బూడిద ఒంటి నిండ,
మా సైన్యం రంగుల.

అదిలించలే.
సున్నా చెయ్యకుంటనే గదిలకొచ్చిన.