గడ్డి పచ్చగనే ఉన్నది

రామంతపూర్ చెరువు పొంగి
మా ఆఫీసు సెల్లారులోకి దిగిన రాత్రి
జనరేటరు పైకి తెచ్చారు, బండ్లు పైకి తెచ్చారు.
తెల్లారి చెప్పులు చేత పట్టుకుని నేను దిగేసరికి
ముప్పై ఏళ్ల గ్యాసు లైను
బీరువా కింది అరలో నానుతోంది.

మూడు రోజులు డాబా మీద దండేలు కట్టాను.
ఇంట్లో క్లిప్పులు చాలక
మోండా మార్కెట్లో ఆరు డజన్లు కొన్నాను.
రసీదు పెట్టాను, ఇంకా పాసు కాలేదు.
వాల్వు తనిఖీ పక్కన వెల్డింగ్ నివేదిక,
దాని పక్కన తుప్పు కొలతలు,
గాలి వీచినప్పుడల్లా
చర్లపల్లి నుంచి నాచారం దాకా
లైను మొత్తం టపటపా కొట్టుకుంది.

ఎండుతున్న కాగితాన్ని చదవకుండా ఎవరుండగలరు?

గూడూరి అయిలయ్య. లైను వెంట నడిచే మనిషి.
పదిహేడు గళ్ల ఫారంలో
పదహారింటికి అడ్డగీత కొట్టి
చివరి గడిలో రోజూ ఒకటే రాశాడు:
వాసన లేదు. గడ్డి పచ్చగనే ఉన్నది.
పైపు కారితే ముందు చచ్చేది గడ్డేనట.
పదకొండేళ్లు రాశాడు, ఆదివారాలతో సహా.
బోనాల మర్నాడు అక్షరాలు కాస్త పక్కకు ఒరిగాయి,
గడ్డి మాత్రం పచ్చగనే ఉన్నది.

ఒక్కచోట ఎర్ర సిరా:
మల్లాపూర్ మూల మీద రెండు జానల గడ్డి ఎండింది.
ఈడనే నిలబడ్డ.

నిలబడ్డ అన్నది ఏ గడిలోకీ రాదు.
మర్నాటి పేజీలో క్లాంపు నంబరు, మూడు సంతకాలు.
ఆ మూల మీద ఇప్పుడు టిఫిన్ సెంటరుంది.

అన్నీ ఎండాయి.
ఒక్కటి మాత్రం ఎండి, తెల్లగా మిగిలింది.
నాలుగో సెక్షను, నీళ్ల ఒత్తిడి పరీక్ష.
నీళ్లు పెట్టి రాయించుకున్నదాన్ని
నీళ్లే తుడిచేసుకుని పోయాయి.

రూలేమిటంటే, పైపు మట్టిలో ఉన్నంత కాలం
కాగితం బీరువాలో ఉండాలి.
కాగితం లేకపోతే పరీక్ష జరగనట్టే.
ఇది మనకు కొత్త కాదు లెండి.
బతికే ఉన్నానని చెప్పడానికి మా అత్తయ్య
ఏటా నవంబరులో బ్యాంకుకు పోయి వేలు నొక్కి వస్తుంది.

కేశవులు సారు తలుపు దగ్గరగా వేశారు.
"పాత ఫారాలు ఉన్నయి కదా శకుంతలమ్మా,
పాత తారీఖేసి టీ నీళ్లల్ల ముంచి తియ్యరాదు?
పరీక్ష అయితే అయ్యింది. అబద్ధమా ఏంది?"

అబద్ధం కాదు. నాకూ తెలుసు.
జనగామకు ఫోను చేశాను.
ఆ రోజు ముల్లు ఎంత చూపించిందని అడిగితే
అయిలయ్య చాలాసేపు దగ్గాడు.
"గడ్డి యాదికున్నది బిడ్డా. అంకె యాదికి లేదు."

నల్ల సిరాతో రాశాను:
వరదలో పోయినది. నకలు లేదు.

ఒత్తిడి తగ్గించారు.
నెల రోజులు హబ్సిగూడ హోటళ్లలో
మంటలు పొట్టిగా వెలిగాయి, ఇడ్లీలు ఆలస్యంగా లేచాయి,
నన్ను తిట్టనివాడు లేడు.
రోడ్డు పక్కన తవ్వారు.
తవ్వడానికి ట్రాఫిక్ వాళ్లదొక ఫారం,
జలమండలిదొక ఫారం, వాటికి నకళ్లు.
నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి
ఎనిమిది గంటలు కాచుకు కూర్చున్నారు.
ముల్లు కదల్లేదు.

పైపు బాగుంది. ఎప్పుడూ బాగానే ఉందట.
"చూసినవా?" అన్నారు కేశవులు సారు, ఒకే ఒక్క మాట.
తర్వాత బిల్లెంతయిందో కూడా చెప్పారు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
కొత్త కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి
పై అరకు ఎక్కించబోతూ ఆగాను.
చివరి గడి ఖాళీ.
తవ్విన చోటుకు నడిచి వెళ్లి, చూసి వచ్చి,
సాయంత్రం ఐదున్నరకు నింపాను:

మట్టి కొత్తది. గడ్డి ఇంకా మొలవలేదు.