పలుపు

పెద్దవూర దాటినంక, కంకర క్వారీ పక్కపొంటి
ఎప్పుడో డ్యాము పనులప్పుడు పోసిన పట్టీ ఉన్నది.
ఏడాది పొడుగునా అది మాకు కళ్లం.
మాగమాసంల ఒక్కనాడు
ఎండవోసిన మిర్పకాయలు ఎత్తి పక్కకు వెడ్తం,
ఎయిర్‌పోర్టు అయితది.
దిగినోళ్లు దిగినట్టే తుమ్ముతరు.

నా పని పొగవెట్టుడు.
పచ్చిగడ్డి అంటిస్తే గాలి ఎటువోతున్నదో
పైనున్నోళ్లకు తెలుస్తది.
మేకలను అదిలిచ్చేది గూడ నేనే.
ఏడు నూర్లు, ఒక బిర్యానీ,
ఎవరో ఒకరు మర్చిపోయే నల్లద్దాలు.

మొదలు దిగేది సికింద్రాబాద్ కేకీ సారు.
ఆయనకు డెబ్బై మూడు, గాలిమోటరుకు యాభై ఒకటి.
ఇద్దరికీ ఎడమకాలు సక్కగ లేదు.
ఆయనెనక ఫిలోమినమ్మ, కాజీపేటల లెక్కల టీచరు.
గుడ్డరెక్కల బండి,
ఆ గుడ్డ ఆమె మిషన్ మీదనే కుట్టుకున్నది.

బీదర్ లతీఫు ఈ యేడు గూడ తప్పిపోయిండు.
కృష్ణ నీళ్లు పట్టుకొని రమ్మంటే
ఏదో కాలువ పట్టుకొని పోయిండట.
హాలియా అవతల కొత్త రోడ్డు మీద దిగి
చెరుకురసం బండాయన్ని అడిగిండట:
"భయ్యా, ఎయిర్‌పోర్టు ఎటు?"
ఆయన జరసేపు ఆలోచించి
"బస్సెక్కు" అన్నడట.
పొద్దుగూకేదాక ఈ ముచ్చట
నాలుగుసార్లు చెప్పిచ్చుకున్నరు.
నాలుగోసారికి అది చెరుకుబండి గాదు, కల్లుమండువ.

పగటీలి పందెం.
సున్నంతోని గీసిన గుండ్రంల
పైనుంచి పిండిసంచి యెయ్యాలె.
నిరుడు మైదా, ఈసారి జొన్నపిండి, మా ఇంటిదే.
కేకీ సారుది క్వారీల వడ్డది.
ఫిలోమినమ్మది నా పొగల.
పశువుల డాక్టరు కోదండపాణి మస్తు కిందికొచ్చి
గురిచూసి, ఊపిరి బిగవట్టి,
సర్పంచి తెల్లకారు మీద యేసిండు.
తెల్లదాని మీద తెల్లది, ఎవ్వలూ చెప్పలె.
మంచుకు నాని, తెల్లారెటాలకు
రొట్టె చేసేటంత ముద్దయింది.

ఇగ డాక్టరుసాబు దిగుడు.
పట్టీ అయిపోయింది గని బండి ఆగలె.
వెంకులు బత్తాయితోటల రెండు చెట్ల నడుమ నిలవడ్డది.
పానం ఉన్నదో లేదో అని అందరం ఉరికినం.
ఆయన లోపల కూసొని బత్తాయి ఒలుస్తున్నడు.
"కాపు మంచిగుంది. వేర్లకే రోగమున్నది,
రేపొచ్చి చూస్త" అన్నడు.

ట్రాక్టరు మా బిడ్డ యాదమ్మ తోలింది.
పంకా అంచు ఇంత చెక్క లేచిపోయింది.
వడ్ల నర్సింహచారి బాడిసె పట్టుకొనొచ్చి
"రెండో దిక్కు గూడ గంతే చెక్కితె సమానమైతది గద" అన్నడు.
పదకొండుమంది పైలట్లు ఒక్కటే గొంతుతోని
"ముట్టకు!"

అప్పుడు కేకీ సారు తన బండి తెరిచి
గోనెపట్టల చుట్టిన పంకా ఒకటి తీసిండు.
ఎవనికన్న అక్కెరకొస్తదని
తొమ్మిదేండ్ల సంది మోస్తున్నడట.
అందరం నోరు మూసుకున్నం.
బిగిచ్చి చూసిండ్రు.
పట్టలె.
అయినా డాక్టరుసాబు ఆ పంకాను
చానసేపు ఒడిల వెట్టుకొని కూసున్నడు.

తక్కినోళ్లు ఐదింటికే ఎగిరిపోవచ్చు.
ఇంకో చాయ్ అన్నరు. ఇంకోటి.
చీకటి వడ్డంక ఆకాశం దిక్కు చూసి
"అయ్యో, ఇప్పుడెట్ల పోతం" అనుకున్నరు,
ఎవల మొఖంల గూడ బాధ లేదు.

రాత్రి గాలి లేసింది.
గాలిమోటర్లను బర్లపలుపులతోని గుంజలకు కట్టినం.
నడిజామున లేచి చూస్తె
ఫిలోమినమ్మ బండి
పాలకు గుంజే దూడ లెక్క గుంజుతున్నది.
దగ్గరికి వోయి ముక్కు మీద చెయ్యేసిన.
"ఆగు, తెల్లారనియ్యి" అన్న.
ఎవ్వలు ఇనలేదనుకున్న.
పక్క రెక్క కింద పండుకున్న కేకీ సారు
కండ్లు తెర్వకుంటనే అన్నడు:
"నేను గూడ దానికి అదే చెప్తున్న,
ఇందాకటి సంది."