జత

పిండిమర పక్కనే మా దుకాణం.
పర్లాకిమిడి పాత బస్టాండు దాటాక
మూడు భాషల్లో బోర్డు,
మూడింట్లోనూ జిరాక్సు దగ్గరే తప్పు.

పొద్దున్న పదింటికి మర మొదలవుతుంది.
చోళ్ళు పోస్తే ఒక గొంతు,
బియ్యం పోస్తే ఇంకో గొంతు.
సాయంత్రానికి నా తలలో
ఎవరి పిండి ఆడుతోందో నాకే తెలీదు.
అందుకే కొన్నాను వీటిని,
గుణుపురం వెళ్ళిపోతున్న డిల్లేసు దగ్గర, ఆరువందలకి:
చింతపిక్కలంత రెండు,
అరిగిన సబ్బుబిళ్ళంత వాటి డబ్బా.

కంప్యూటరు వాటిని గుర్తించలేదు.
పన్నెండేళ్ళది. తీగ ఉంటేనే నమ్ముతుంది,
గాలిలో చెప్పిన మాట దాని లెక్కలో మాటే కాదు.
"నానీ, దీనికి డాంగిల్ కావాలి" అంది సస్మిత.
(నానీ అంటే వాళ్ళలో అక్క.
మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరన్నా
అక్కా అని పిలిస్తే వెంటనే తిరిగి చూడను.)

బరంపురం బస్సులో వచ్చింది,
గోరంత నల్లముక్క, రెండొందల నలభై.
సీపీయూ వెనకాల సాలెగూడు తుడిచి గుచ్చాను.
డబ్బా బొత్తాం నొక్కి పట్టాను,
దీపం తెలుపు, ఎరుపు, తెలుపు.
వెతుకుతోంది వెతుకుతోంది అని
తెర మీద చుక్కలు నడిచి
పేర్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి:
పాణిగ్రాహి టీవీ.
కాంపౌండరు.
జూలీ రెండు. (ఒకటో జూలీ ఎక్కడుందో.)
పేరే లేక వట్టి అంకెలతో ఒకటి.
ఇన్నాళ్ళూ నా గోడల్లోంచి
ఇంతమంది వచ్చి పోతున్నారన్నమాట,
ఒక్కళ్ళూ తలుపు కొట్టకుండా.

అన్నిటికంటే కింద: డిల్లేసు.

మనిషి వెళ్ళి నెలయింది, పేరు డబ్బాలోనే ఉండిపోయింది.
మార్చుకోవచ్చట. మార్చలేదు.
జత కలిసింది, అంది తెర.

ఆ మధ్యాహ్నం పని చంద్రమ్మది.
కాశీనగర్ అవతల ఊరు, తహశీల్దారుకి అర్జీ.
మనవడి ఫోనులో చెప్పి పంపింది.
పెట్టుకున్నానో లేదో,
రేకుడబ్బాలో గులకరాళ్ళు కలిపినట్టు
ఎక్కడో అడుగునుంచి మనిషి.
ఆరువందలూ పోయాయనుకున్నాను.

సస్మిత వంగి చూసింది.
ఒకే వస్తువుకి తెర మీద రెండు పేర్లు:
ఒకటి వినడానికి,
ఒకటి వినడానికీ మాట్లాడడానికీ.
"మాట్లాడే దారి తెరిచి పెట్టావు నానీ,
అందుకే వినే దారి సన్నమైపోయింది.
మైకు మూసెయ్."

మూసేశాను.

చంద్రమ్మ వచ్చి నా రెండు చెవుల మధ్య కూచుంది.
కొంగుతో మూతి తుడుచుకుంది,
ఎవరో పళ్ళెం నేల మీద పెట్టారు,
కోడిని తోలింది, ఊపిరి తీసుకుంది.
"నాకు సదువు నేదమ్మా.
నాను సెప్తాను, నువ్వు రాసీ.
మా మావ పాతిన రాయది. ఏరు తినీసింది.
రాయి నేదు గనక గట్టూ నీది కాదంతన్నాడు."

చెవిలో గట్టు, వేళ్ళ కింద హిడ.
చెవిలో మావ, వేళ్ళ కింద శశుర.
ఎక్కడ మారిందో నేను చూడలేదు,
చూస్తే వేళ్ళు ఆగిపోతాయి.
ఆగాయి, ఏరు దగ్గర.
నదీ కోత వల్ల సరిహద్దు చిహ్నము లుప్తమైనందున
అని కదా కొట్టాలి, ఒడియాలో, కచేరీ ఒడియాలో.
కొట్టాను. చదివాను.
అందులో ఏరూ లేదు, రాయీ లేదు.
చెరిపేసి
ఆమె అన్నట్టే కొట్టాను:
నొయి ఖాయి దేలా.
ఏరు రెండు భాషల్లోనూ తింటుంది.
తహశీల్దారు ఏమంటాడో ఏమో.

చెవిలో ఎవరో ఇంగ్లీషమ్మాయి
చార్జింగు అయిపోవచ్చిందని చెప్పింది.
ముందు ఎడమది పోయింది.
ఎడమలోకి పిండిమర వచ్చేసింది,
చోళ్ళు పోస్తున్నారు.
కుడిలో చంద్రమ్మ ఇంకా గట్టు మీద నడుస్తోంది,
అడుగులు లెక్కపెడుతూ, పైకే, నలభైమూడు, నలభైనాలుగు.
ఇంకా మూడు నిమిషాలుంది ఆమె మాట.

సస్మితకి సైగ చేశాను,
తలుపు దగ్గరికి వెయ్యమని.