నూట పదమూడో మెట్టు

మద్రాసుకి చలి చుట్టపుచూపుగానే వస్తుంది.
అయినా నాయిన కోతిటోపీ పెట్టుకున్నాడు,
మెడకి నా పాత చున్నీ చుట్టుకున్నాడు,
పమ్మల్ నుంచి షేర్ ఆటోలో
ఒక్క మాటా లేకుండా కూర్చున్నాడు.
మాటలు దాచుకుంటున్నాడనుకున్నాను.
దాచుకుంటున్నది ఊపిరి.

తిరునీర్మలై. ధనుర్మాసం. నాలుగున్నర.
వీధి పొడుగునా ఆడవాళ్లు ముగ్గుల మీదికి వంగి ఉన్నారు.
గుడి మైకు గొంతు సవరించుకుంటోంది.
కొండ కింద నిలబడి నాయిన పైకి చూశాడు
అప్పిచ్చినవాడి ఇంటిని చూసినట్టు.
కాదు,
అప్పు ఎగ్గొట్టినవాడి ఇంటిని చూసినట్టు.

"నువ్వు పోయి రా" అన్నాడు.
"నూట పదమూడో మెట్టు నేను కూర్చోబెట్టింది.
ఎడం అంచున మూడు చుక్కలుంటాయి, ఉలితో పెట్టినవి.
కదిలిందేమో చూడు.
చేత్తో కాదు, కాలితో తొక్కి చూడు."
దేవుడి గురించి ఏమీ చెప్పలేదు.

మేం వడ్డెరోళ్లం.
నెల్లూరు వైపు నుంచి సుత్తీ ఆకలీ మోసుకొచ్చాడు మా జేజినాయన.
ఈ చుట్టుపక్కల కొండలకి మా ఇంటిపేరు తెలుసు.
ఒక్కోదాన్నే పగలగొట్టి
హార్బరుకి పంపాం, రన్‌వేకి పంపాం,
మేం గడప తొక్కని ఇళ్ల పునాదుల్లోకి పంపాం.
ఇదొక్కటి మిగిలింది,
పైన దేవుడు పడుకుని ఉన్నాడని.
"లేచి పోయుంటే దీన్నీ కొట్టేవాళ్లం" అనేది మా అమ్మ సాలమ్మ,
అని నవ్వేది.
ఆ నవ్వు చివర దగ్గు ఉండేది.
మా వీధిలో అందరి నవ్వుల చివరా ఉండేది.

ఎక్కుతూ లెక్కపెట్టాను.
అరవై దాకా సరిగ్గానే వచ్చింది.
అక్కడ ఒక ముసలామె, చేతిలో పసుపు గిన్నె,
మెట్టు మెట్టుకీ వంగి పసుపు పూస్తోంది,
పూసి కుంకుమ పెడుతోంది.
నడుం పట్టుకుంటే నా చెయ్యి అడిగింది.
ఇచ్చాను. లెక్క పోయింది.
ఆమె వెళ్లిపోయాక
నూరో నూట ముప్ఫయ్యో తెలియని చోట
ఫోను లైటు వేసి రాళ్ల అంచులు వెతికాను.
"ఏం పారేసుకున్నావు, ముక్కుపుడకా?"
పైనుంచి అరవంలో అడిగింది.
"చుక్కలు" అన్నాను. "మూడు."
"ఇవిగో" అంది.
నిజమే.
ప్రతి మెట్టు ఎడం అంచునా మూడు చుక్కలే,
కుంకుమవి,
ఇంకా తడిగా.

పైన రంగనాథుడు పడుకునే ఉన్నాడు.
అర్చకుడు గోత్రం అడిగాడు.
తెలీదన్నాను.
పేరు చెప్పమన్నాడు.
ఓబయ్య, అన్నాను. నాది కాదు, కింద ఉన్నవాడిది.
నక్షత్రం?
ఆయన పుట్టినప్పుడు ఆకాశం వైపు చూసే తీరిక
ఎవరికుండింది సామీ?
ఇది నోటిదాకా వచ్చింది, తీర్థంతో పాటు మింగేశాను.

బయటికొచ్చేసరికి తెల్లారుతోంది.
మంచులోంచి మా క్వారీ గుంత కనిపించింది,
నిండా పచ్చటి నీళ్లు,
ఒక కొండని తిరగేసి దించినంత లోతు.
కొంగ ఒకటి అంచున నిలబడి
ఆ నీళ్లని నమ్మాలా వద్దా అని చూస్తోంది.
తల మీదుగా విమానం పోయింది
మా రాళ్ల మీద దిగడానికి.

దిగేటప్పుడు లెక్కపెట్టలేదు.
ప్రతి మెట్టునీ తొక్కాను,
కుంకుమ తగలకుండా, మడమ ఊని, గట్టిగా.

నాయిన కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు.
టోపీ మీద మంచు.
తొన్నెలో పొంగలి చేతికిచ్చాను.
"దొరికిందా?"
"లేదు నాయినా."
"ఏదైనా కదిలిందా?"
"ఏదీ కదల్లేదు."
చాలాసేపు పొంగలి ఊదుకున్నాడు.
తర్వాత లేచి, నా భుజం కాదని, గోడ పట్టుకుని
మొదటి మెట్టు ఎక్కాడు.
ఆగాడు. రెండోది.
ఆగాడు. ఈసారి ఎక్కువసేపు.
మూడో మెట్టు మీద కూర్చున్నాడు,
మిరియపు గింజ ఏరి పక్కన పెట్టాడు,
పైకి చూడకుండానే
"ఇంక నూట పదే" అన్నాడు.