పద్నాలుగో తూము

రేపు పదింటికి నీటి సంఘం మీటింగు.
లాకుల పక్క సెక్షనాఫీసులో
కరెంటు వస్తూ పోతూ ఉంది.

లస్కరు ఇజ్రాయేలు గారి నోటుబుక్కు
తడిసి, ఆరి, అప్పడంలా ఉబ్బింది.
తేదీ, తూము నెంబరు, గేజి మీద అడుగులూ అంగుళాలూ,
పెన్సిలు విరిగిన చోట మేకుతో గీసిన గీత.
నూట ఇరవై రోజుల కాలవ
ధవళేశ్వరం నుంచి ఈ శివారు దాకా
నా ఒళ్ళో చుట్టచుట్టుకుని పడుకుంది.

ముందు గుండ్రంగా వేశాను.
దిబ్బరొట్టె కోసినట్టు
ఎగువకింత, మధ్యకింత, చేపల చెరువులకింత,
శివారుకి అంచున మాడిన ముక్క.
చూడ్డానికి బాగానే ఉంది.
కానీ రొట్టె ఒక్కసారే కోస్తారు.
నీళ్ళు వంతులవారీ వస్తాయి,
వరి పొట్ట మీదున్నప్పుడు రాక
పనలు కట్టాక వస్తే
దాన్ని వాటా అని ఎవరంటారు?
చెరిపేశాను.

తర్వాత స్తంభాలు, ఎకరానికింత లెక్కన.
అడుగుగీత నలభై దగ్గర పెడితే
మొదటి తూము కొబ్బరిచెట్టు, ఆఖరిది గరికపోచ.
సున్నా దగ్గర పెడితే
పద్నాలుగు తూములూ ఒక తల్లి పిల్లలే.
అంకెలు మాత్రం అవే.
ఏది చూపించాలో
నా బీటెక్కు నోరు విప్పలేదు.

నెలవారీ సగటు గీశాను.
ఇజ్రాయేలు గారు టీ గ్లాసు పట్టుకుని తొంగి చూసి
"ఫిబ్రవరి అంతా రెండడుగులా!
అన్నం కూడా సగటునే తింటారేంటమ్మా?" అని నవ్వారు.

సరే, రోజువారీ.
గీత పదిహేడో తారీకు దాకా ఎగుడుదిగుడుగా నడిచి
అక్కణ్ణించి ఇరవై రెండుకి
నున్నగా జారింది.
పుస్తకంలో ఆ నాలుగు రోజులూ ఏమీ లేదు.
కాలవ లేని చోట
కంప్యూటరు కాలవ తవ్వేసింది.

"మా ఆవిడకి కడుపు కోశారు కదమ్మా,
కాకినాడ పెద్దాసుపత్రిలో ఉన్నాను.
చూడనిది ఎలా రాస్తాను?"

సున్నా కాదు. రెండడుగులూ కాదు.
దానికే రంగు వెయ్యాలి?

రాత్రి ఒంటిగంటకి గళ్ళు కట్టాను.
తూముకో వరస, రోజుకో గడి,
నీళ్ళెక్కువైతే ముదురు నీలం, తగ్గితే లేత.
ఆ నాలుగు రోజులూ పైనుంచి కిందికి
ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా వదిలేశాను.

పంచాయతీ గోడకి కాగితం అంటించగానే
ప్రెసిడెంటు గారు కళ్ళజోడు సవరించుకుని
"ఇదేంటి, నేతచీర గళ్ళలాగా!" అన్నారు.
ఎకరంన్నర కౌలుకి చేసే గుత్తుల మంగాయమ్మ
తన వరస వెతుక్కుని
వేలితో గడి గడీ తడుముకుంటూ నడిచింది.
తెలుపు దగ్గర ఆగింది.

"ఇదెందుకు ఖాళీ?"
"కొలిచినవాళ్ళు లేరండి."
"నేనున్నాగా.
ఇరవయ్యో తారీకు రాత్రి బోదెలో టార్చి వేశాను.
నత్తలు కూడా నోళ్ళు మూసేసుకున్నాయి."

పెన్సిలిచ్చాను.
అంకె వెయ్యలేదావిడ.
నాలుగు గళ్ళలో నాలుగు ఇంటూలు, గట్టిగా,
కాగితం చిరిగేటట్టు.

కాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత వెనక బెంచీలోంచి
రెండో తూము కింద చేసే కుర్రాడు
తల దించుకునే
"మాకొచ్చాయి" అన్నాడు.

నీలం పెన్సిలు
అతని వైపు జరిపాను.