ఇది విప్పకండి

పొంటా డెల్గాడాలో తెల్లవారకముందే తుంపర.
నా సంచి ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్ళి
ఇరుక్కున్న మాటలా ఆగిపోయింది.
బెల్టు వెనక్కి నడిచింది, ముందుకి, మళ్ళీ వెనక్కి.
వరుసలో ఎవరి పాపో బూట్లు విప్పేసి
చల్లటి గచ్చు మీద ఒంటికాలిపై నిలబడింది.

"ఇందులో ఏముంది?"
కుర్రాడి జేబు మీద పేరు టెల్మో.
రెండు ఆకాశాలు అనబోయి ఊరుకున్నాను,
తనిఖీ బల్ల దగ్గర ఉపమానాలు చెల్లవు.
"రెండు పారాచ్యూట్లు. ఒకటి తెరుచుకోకపోతే రెండోది."
"రెండోదీ తెరుచుకోకపోతే?"
"ఇక సామాను బరువు గురించి మీతో పేచీ ఉండదు."
నవ్వలేదు. ఉద్యోగం కొత్తేమో.

చిన్న పెట్టె గురించి అడిగాడు.
నాకు స్పృహ తప్పినా తన లెక్క తాను చూసుకుని
సమయానికి లోపలి తాడు కోసేది అది.
దాని ఎక్స్‌రే బొమ్మ ఉన్న కార్డు
కడుపులో బిడ్డ స్కాన్‌లా ఎప్పుడూ నా పర్సులోనే.
తెరనీ కార్డునీ మార్చి మార్చి చూశాడు.
"సరే, విప్పండి."

విప్పకూడదు బాబూ.
లోపల ఒక స్ప్రింగు
ఫిబ్రవరి నుంచి ఊపిరి బిగబట్టి కూర్చుంది.
నువ్వా వెండి పిడి లాగావంటే
అది ఎగిరి ట్యూబులైటుకి తగులుతుంది,
దాని వెనకే తెల్లగుడ్డ
మీ ట్రేల మీద, ఆ పాప బూట్ల మీద.
మళ్ళీ మడవాలంటే నాకో పూట.
ఈ దీవిలో మడిచేదాన్ని నేనొక్కదాన్నే,
నా విమానం ఇంకో నలభై నిమిషాల్లో.

అప్పుడొచ్చింది ఎర్మెలిందమ్మ,
కళ్ళజోడు తాడుకి వేలాడుతూ.
సంచి పైరెక్క ఎత్తి చూపించాను:
సన్నటి ఎర్ర దారం, చివర మినపగింజంత సీసం ముద్ర.
"ఈ ముడి ఎవరు వేశారు?"
"నేనే."
తాకకుండా గోరు దాని పక్కనే నడిపింది.
"రాబో ద పెయిషెలో మా నాన్న వలలల్లేవాడు.
ముడి బాగుందా అంటే చూసేవాడు కాదు,
పన్నుతో పట్టి లాగేవాడు."
"దీన్ని లాగకూడదు."
"అదే అడుగుతున్నాను.
లాగి చూడని ముడిని ఎలా నమ్ముతారు?"

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని,
ఇంత తిన్నగా ఎవరూ అడగలేదు.
"మడిచేటప్పుడు నేనెవరితోనూ మాట్లాడను," అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.
నా అరచేతుల మీద తెల్ల కాగితం రుద్ది
యంత్రంలో పెట్టింది.
ఆకుపచ్చ దీపం.
"వెళ్ళిరండి."

ఇరవై రెండు ఏ. కిటికీ.
సంచిని కాళ్ళ దగ్గర కుక్కాను.
పక్కాయన ఒళ్ళో అనాసపళ్ళ పెట్టె,
అందరూ అడిగేదే అడిగాడు:
"మాకు తెలియనిదేదైనా మీకు తెలుసా?"
నడవలో అమ్మాయి పసుపు చొక్కా తొడుక్కుని చూపిస్తోంది,
ఎర్రపిడి లాగండి, కానీ విమానం లోపల లాగకండి.
మంచి మాట. నేనూ అదే చెప్పాను.

పదకొండు వేల మీటర్ల ఎత్తున
నా మణికట్టు మీద సూది రెండు వేల దగ్గరే ఆగిపోయింది.
లోపల నింపిన గాలి చెప్పిన అబద్ధాన్ని
ఎంత బుద్ధిగా నమ్మిందో.
రేపు ఎవోరాలో ఈ సంచి తగిలించుకునేది జుల్మీరా,
పందొమ్మిదేళ్ళు, గోళ్ళు కొరికే అలవాటు.
ముడి ఎవరిదని ఆ పిల్ల అడగలేదు.
పట్టీలు నీలం రంగులో ఉంటాయా అని అడిగింది.

దిగుతున్నాం.
సూది పదిహేను వందలు దాటగానే
నా కుడిచెయ్యి తనంతట తానే నడుము వెనక్కి పోయి
పక్కాయన మోచేతిని పట్టుకుంది.
"దూకుతున్నామా?" ఉలిక్కిపడ్డాడు.
"ఇవాళ కాదు."

చక్రాలు లిస్బన్‌ని తాకాయి.
జనమంతా చప్పట్లు.
నేను మాత్రం సీటు అంచు వదల్లేదు,
విమానంలో కూర్చుని నేలకి దిగడం
నాకింకా అలవాటు కాలేదు.